దగ్గలేని పాప, మూసుకుపోయిన ఊపిరితిత్తి: వెంటిలేటర్ మీద ఒక ఫిజియోథెరపీ కేసు

పిల్లల ఐసీయూలో ఛాతీ ఫిజియోథెరపీ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఒక్కటే, అరచేయి గుల్లగా పట్టి వీపు మీద తట్టడం. బంధువులు అడిగేదీ అదే, కేస్ షీటులో తరచుగా రాసి ఉండేదీ అదే. ‘ఛాతీ ఫిజియో, రోజుకు నాలుగుసార్లు’ అని ఉంటుంది. ఏ పద్ధతి, ఎందుకు అన్నది ఉండదు. ఆ రెండు ప్రశ్నల కోసమే ఈ కేసు రాస్తున్నాను. వెంటిలేటర్ మీద ఉన్న ఒక పాపకు ఊపిరితిత్తిలో కొంత భాగం మూసుకుపోయింది. మామూలుగా చేసేవన్నీ చేసినా తెరుచుకుని నిలవలేదు. కఫాన్ని బయటికి తోసే బలం ఎక్కడ పోయిందో చూడడం మొదలుపెట్టాక దారి దొరికింది.

ఊరు, ఆస్పత్రి, సంవత్సరం రాయడం లేదు. కుటుంబ వివరాలు మార్చాను. రాయడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు.

నేపథ్యం

పాపకు ఆరేళ్లు, బరువు 18 కిలోలు. అంతకుముందు చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. విరేచనాలు వచ్చి తగ్గిన దాదాపు రెండు వారాలకు కాళ్లు నొప్పులంది, మెట్లు ఎక్కలేకపోయింది. రెండు మూడు రోజుల్లో కూర్చున్న చోటి నుంచి లేవలేని స్థితి వచ్చింది, చేతుల్లో పట్టు తగ్గింది. మోకాళ్ల దగ్గర, చీలమండల దగ్గర రిఫ్లెక్సులు లేవు. వెన్నుపాము నీటిలో ప్రొటీన్ పెరిగింది, కణాల సంఖ్య మాత్రం మామూలుగానే ఉంది. నరాల పరీక్ష కూడా గులియన్ బారే సిండ్రోమ్‌నే చూపించింది. 2025 ఆరంభంలో పుణెలో కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు జీబీఎస్ అన్న పేరుతో మన పత్రికల్లోనూ తరచుగా కనిపించిన జబ్బు ఇదే. రోగనిరోధక వ్యవస్థ సొంత నరాల మీదే దాడి చేస్తుంది. విరేచనాలు కలిగించే కాంపైలోబ్యాక్టర్ ఇన్ఫెక్షన్ తర్వాత ఇది రావడం వైద్యులకు బాగా తెలిసిన విషయం.

ఆ దాడిని తగ్గించే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు వెంటనే మొదలైంది, మొత్తం కిలోకు 2 గ్రాముల లెక్కన. అయినా బలహీనత పైకి పాకుతూనే ఉంది. ఒక్క ఊపిరిలో ఇరవై దాకా అంకెలు చెప్పిన పాప మర్నాటికి ఆరు దగ్గరే ఆగిపోయింది. లాలాజలం మింగలేక పొలమారడం మొదలైంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేదాకా చూడకుండా డాక్టర్లు అప్పుడే నోటి ద్వారా శ్వాసనాళంలోకి ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. జీబీఎస్‌లో అదే సరైన పని. ఆ పరీక్ష చెడే సమయానికి పిల్లలు అప్పటికే అలసిపోయి ఉంటారు. వేసింది 5 నంబరు ట్యూబు, పక్కల నుంచి గాలి కారకుండా చుట్టూ చిన్న బుడగ ఉన్నది. పెదవి దగ్గర 15 సెంటీమీటర్ల గుర్తు వద్ద అంటించారు.

జీబీఎస్ సాధారణంగా మెదడు జోలికి పోదు. పాపకు అన్నీ వినిపిస్తాయి, అన్నీ తెలుస్తాయి. చేతులు, కాళ్లు కదలవు, ముఖ కండరాలు కూడా బలహీనపడ్డాయి. కళ్లు మాత్రం కదిలేవి. పైకి చూస్తే అవును, పక్కకు చూస్తే వద్దు. ఈ ఏర్పాటు మొదటి రోజే ఒక నర్సు చేశారు. తర్వాత జరిగిన చికిత్సలో చాలా భాగం దీని మీద ఆధారపడింది కాబట్టి ముందే చెబుతున్నాను.

మా దాకా వచ్చిన సమస్య

మొదటి వారం చివర్లో ఒక ఉదయం పాపకు ఇచ్చే ఆక్సిజన్‌ను 30 శాతం నుంచి 50 శాతానికి పెంచాల్సి వచ్చింది. అప్పటికీ సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 93, 94 దగ్గరే ఉంది. వెంటిలేటర్ ప్రెషర్ కంట్రోల్ పద్ధతిలో నడుస్తోంది. అంతకుముందు ఒక్కో శ్వాసకు సుమారు 130 మిల్లీలీటర్లు వెళ్లేది, అది 90కి పడిపోయింది. ఇక్కడ ఒక మాట. ప్రెషర్ కంట్రోల్‌లో యంత్రం ఒత్తిడిని స్థిరంగా ఉంచుతుంది. దారి మూసుకుంటే ఒత్తిడి పెరగదు, లోపలికి వెళ్లే గాలి పరిమాణం తగ్గుతుంది. అధిక ఒత్తిడి అలారం మోగలేదు కదా అని నిశ్చింతగా ఉండే ప్రమాదం ఈ పద్ధతిలో ఎక్కువ. పరిమాణం అంకెను గంట గంటకూ చార్టులో రాసే అలవాటు ఉండబట్టే ఈ తగ్గుదల త్వరగా కంటపడింది.

ఎక్స్‌రేలో గుండె నీడ వెనుక ఎడమవైపు ముక్కోణంగా ఒక తెల్లని నీడ ఉంది. ఎడమ డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల అడుగున ఉండే శ్వాస కండరం) గీత చెరిగిపోయింది. శ్వాసనాళం కాస్త ఎడమకు జరిగింది. అంటే ఎడమ ఊపిరితిత్తి కింది భాగం (లోబు) కుంచించుకుపోయింది. వెల్లకిలా పడుకున్న పిల్లల్లో ఇది తరచుగా జరిగే చోటే. గుండె బరువు దాని మీద పడుతుంది. డయాఫ్రమ్ కదలకపోతే అక్కడికి గాలి చేరడం ఇంకా కష్టం. దానికితోడు పిల్లల శ్వాసనాళాలు సన్నవి. వ్యాసార్థం సగమైతే గాలి ప్రవాహానికి అడ్డు పదహారు రెట్లవుతుంది కాబట్టి పెద్దవారిలో లెక్కకు రాని కొద్దిపాటి కఫం కూడా పిల్లల్లో ఒక కొమ్మనంతా మూసేయగలదు.

చేయి వేయడానికి ముందు

ఎక్స్‌రేలో తెల్లగా కనిపించిందల్లా కఫమే కాదు. నేను ముందుగా చూసింది ట్యూబు చివర ఎక్కడుందన్నది. ట్యూబు మరీ లోపలికి జారి కుడి ప్రధాన శ్వాసనాళంలోకి వెళితే ఎడమ ఊపిరితిత్తికి గాలి అందదు, అప్పుడు ఎంత ఫిజియోథెరపీ చేసినా దండగ. పైగా పాప తల వంగితే ట్యూబు చివర కిందికి జరుగుతుంది, తల వెనక్కి వాలితే పైకి వస్తుంది. అందుకే ఎక్స్‌రే తీసినప్పుడు తల ఏ భంగిమలో ఉందో కూడా అడిగాను. తల నిటారుగానే ఉంది, ట్యూబు సరైన చోటే ఉంది.

తర్వాతి అనుమానం ఛాతీలో నీరు. అల్ట్రాసౌండ్‌లో నీరు లేదు. మూసుకుపోయిన లోబులో గాలి చారలు కనిపించాయి కానీ శ్వాసతో పాటు కదలడం లేదు. చారలు కదులుతుంటే ఆ భాగానికి దారి తెరిచే ఉందని, న్యుమోనియా కావచ్చని అనుకుంటాం. కదలకపోతే దారిలో అడ్డు ఉందన్న అనుమానం బలపడుతుంది. పాపకు జ్వరం లేదు, రక్త పరీక్షల్లో ఇన్ఫెక్షన్ సూచనలు లేవు. కఫం అడ్డుపడి లోబు మూసుకుందని అందరం ఒక అభిప్రాయానికి వచ్చాం.

బ్రాంకోస్కోపీ చేసి, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం శ్వాసనాళాల్లోకి పంపి, నేరుగా కఫం లాగేద్దామా అన్న చర్చ వచ్చింది. 5 నంబరు ట్యూబులో దిగే పిల్లల బ్రాంకోస్కోపు సన్నగా ఉంటుంది, దాని పీల్చే రంధ్రం సుమారు 1.2 మిల్లీమీటర్లే. చిక్కటి కఫం అందులోంచి సులువుగా రాదు. పాప రక్తపోటు అప్పటికే పూట పూటకూ మారుతోంది. ఒకసారి తీసినా, దగ్గు లేని పాపలో మళ్లీ చేరదన్న నమ్మకం లేదు. ఒక రోజు ఫిజియోథెరపీకి సమయమిచ్చి, ఆక్సిజన్ అవసరం ఇంకా పెరిగితే వెంటనే బ్రాంకోస్కోపీకి వెళ్దామని నిర్ణయించాం. గడువు పెట్టుకోవడం ముఖ్యం. గడువు లేని ప్రయత్నం రోజుల తరబడి సాగుతుంది.

చేసినవి, నిలవనివి

మొదటి ప్రయత్నం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే. ముక్కు గొట్టం ద్వారా పాలు ఆపి, కడుపు ఖాళీగా ఉందని చూసుకుని, పాపను కుడివైపు తిప్పాం. ఎడమ ఊపిరితిత్తి పైకి వచ్చేలా, కొంచెం బోర్లా ఒరిగేలా దిండ్లు పెట్టాం. తల కిందికి దించే పాత పద్ధతి వాడలేదు. కడుపులోది పైకి వచ్చే ప్రమాదం ఉంది, రక్తపోటు నిలకడగా లేని పాపలో అది అసలు తగదు. ఎడమ పక్కటెముకల మీద తట్టడం, ఊపిరి వదిలే సమయంలో చేతులతో కంపనం ఇవ్వడం, తర్వాత సక్షన్, అంటే కెథీటర్ అనే సన్నటి గొట్టంతో కఫాన్ని పీల్చి తీయడం.

పక్కకు తిప్పినప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఒకవైపు ఊపిరితిత్తి చెడినప్పుడు మంచి ఊపిరితిత్తిని కిందకు పెట్టమని పెద్దవారి వైద్యంలో చెబుతారు, ఆక్సిజన్ మెరుగవుతుంది. పసిపిల్లల్లో చాలాసార్లు దీనికి విరుద్ధం, పైనున్న ఊపిరితిత్తికే గాలి ఎక్కువ వెళ్తుంది. ఆరేళ్ల పాప వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఏది వర్తిస్తుందో పుస్తకం చూసి తేల్చలేం. ప్రతి భంగిమలో పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి సాచురేషన్, గాలి పరిమాణం రాసుకున్నాం. ఈ పాపకు ఎడమ పైకి ఉన్నప్పుడు సాచురేషన్ తగ్గలేదు కాబట్టి ఆ భంగిమను నిర్భయంగా వాడగలిగాం.

తట్టిన తర్వాత కొద్దిగా చిక్కటి కఫం వచ్చింది. గాలి పరిమాణం 90 నుంచి 100కి పెరిగి, గంటలోపే మళ్లీ దిగిపోయింది. మరోపక్క తడుతున్నంతసేపూ గుండె వేగం 110 నుంచి 160 దాకా పోయింది, రక్తపోటు పెరిగింది. ముఖంలో ఏ కదలికా లేదు, కళ్ల కొనల నుంచి నీళ్లు మాత్రం కారుతున్నాయి. ‘నొప్పిగా ఉందా తల్లీ?’ అని నర్సు అడిగారు. పాప కళ్లు పైకి ఎత్తింది.

జీబీఎస్‌లో నరాల నొప్పి సాధారణం. మామూలు స్పర్శ కూడా భరించలేనంత బాధ కలిగించవచ్చు, పిల్లలు దాన్ని చెప్పలేరు. నరాల నొప్పికి మందు మొదలుపెట్టమని డాక్టర్లను అడిగాను, మొదలుపెట్టారు. తట్టడం ఆ రోజే మానేశాను. నొప్పి ఒక్కటే దానికి కారణం కాదు. కాలువలో పూడికను కదిలించినంత మాత్రాన అది దిగువకు పోదు, నీటికి వేగం ఉండాలి. తట్టడం వల్ల కఫం గోడ నుంచి వదలవచ్చు, కానీ నోటివైపు తీసుకువచ్చేది లోపలి నుంచి వచ్చే గాలి వేగం. ఊపిరి వదిలేటప్పటి గాలి వేగం, పీల్చేటప్పటి వేగం కన్నా కనీసం పది శాతం ఎక్కువ ఉంటేనే కఫం బయటివైపు నడుస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఈ పాప కడుపు కండరాలు పనిచేయడం లేదు. ఊపిరితిత్తి తనంతట తాను ముడుచుకునే శక్తి తప్ప, ఊపిరి వదలడానికి తోడ్పడేది ఏదీ లేదు.

ఆ సాయంత్రం చూడడానికి వచ్చిన అమ్మమ్మగారు, ‘కాస్త గట్టిగా తట్టండి బాబూ, కఫం వదులుతుంది’ అన్నారు. ఆమెకు ఇదే విషయం చెప్పాను. పాప దగ్గలేకపోతోంది, దగ్గును మనం బయటి నుంచి ఇవ్వాలి, అది ఎలాగో చూస్తున్నాం అని. కుటుంబానికి కారణం చెప్పకుండా తట్టడం ఆపితే, చికిత్సే ఆపేశారని అనుకుంటారు.

సక్షన్ కూడా చిక్కే అయింది. కెథీటర్ లోపలికి తగిలి ఆగేదాకా దించి లాగడం అప్పటిదాకా కొందరు చేస్తున్న పద్ధతి. అలా దించిన ఒకసారి గుండె వేగం 120 నుంచి 60కి పడిపోయింది. వెంటనే ఆపి, నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చాక కోలుకుంది. జీబీఎస్‌లో గుండెను, రక్తపోటును నడిపే నరాలు కూడా దెబ్బతింటాయి, శ్వాసనాళం లోపలి చిన్న తాకిడికే గుండె నెమ్మదించవచ్చు. అప్పటి నుంచి లోతు కొలిచి చేశాం. అదే సైజు విడి ట్యూబు పక్కన కెథీటర్ పెట్టి, ట్యూబు చివర దాటి అర సెంటీమీటర్ కన్నా పోకుండా గుర్తు పెట్టుకుని, ఆ అంకెను మంచం తలవైపు కాగితం మీద రాసి అంటించాం. 8 ఫ్రెంచ్ కెథీటర్ వాడాం, అది ట్యూబు లోపలి వ్యాసంలో సుమారు సగం ఉంటుంది. ముందుగా ఆక్సిజన్ పెంచడం, ఒక్కసారికి పది సెకన్లు మించకపోవడం, వెంటిలేటర్ విడదీయకుండా చేసే మూసిన సక్షన్, గుండె నెమ్మదిస్తే ఇచ్చే అట్రోపిన్ మందు పక్కన సిద్ధంగా ఉంచడం. ప్రతిసారీ సెలైన్ పోసి లాగే అలవాటు వద్దన్నాను. పోసిన సెలైన్ కఫాన్ని పలచబరుస్తుందన్న ఆధారం బలహీనం, సాచురేషన్ పడిపోవడం మాత్రం కళ్లెదుట కనిపిస్తుంది.

కఫం ఎందుకంత చిక్కగా ఉంది? కెథీటర్ అంచున ఎండిన పొరలు కనిపించాయి. సర్క్యూట్‌లో ఉన్నది తేమను పట్టి ఉంచే ఫిల్టర్ మాత్రమే. తక్కువ రోజులకు అది చాలు. రెండో వారంలోకి వెళ్తున్న, కఫం చిక్కబడిన పాపకు చాలదు. వేడి హ్యూమిడిఫయర్ పెట్టించి, పాపను చేరే గాలి 37 డిగ్రీల దగ్గర, పూర్తి తేమతో ఉండేలా చూశాం. ఒక రోజులో కఫం చిక్కదనం తగ్గింది. ఇది ఎవరికీ ఫిజియోథెరపీగా కనిపించదు. నా దృష్టిలో ఈ కేసులో మొదటి గెలుపు ఇదే.

ఆ తర్వాత బ్యాగ్‌తో లోతైన శ్వాసలు ఇచ్చాం. మన ఐసీయూల్లో జేఆర్ అని పిలిచే 500 మిల్లీలీటర్ల బ్యాగ్ అది. ఫిలిప్ ఏర్ 1937లో పరిచయం చేసిన టీ ఆకారపు గొట్టానికి గోర్డన్ జాక్సన్ రీస్ 1950లో బ్యాగు చేర్చారు, ఆ పేరే పొట్టిగా నిలిచిపోయింది. దీనితో నెమ్మదిగా గాలి నింపి, ఒక క్షణం ఆపి, ఒక్కసారిగా వదలాలి. వదిలే క్షణంలోనే ఛాతీ మీద చేతులతో మెత్తగా అదమాలి. ఒత్తిడి మీటర్ లేకుండా పిల్లలకు ఇది చేయకూడదని నా గట్టి అభిప్రాయం. చేతికి తెలిసిపోతుందని అనుకుంటాం కానీ అలసిన చేయి నమ్మదగింది కాదు. 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటకుండా చేశాం.

ఫలితం కనిపించింది. పరిమాణం 120 దాకా పెరిగింది, ఎడమవైపు అడుగున శ్వాస శబ్దం వినిపించింది. కానీ రెండు మూడు గంటలకే పాత స్థితి. కారణాలు రెండు. లోపలికి గాలి నింపుతున్నాం, బయటికి తోసే వేగం మాత్రం చాలడం లేదు. చేతులతో గట్టిగా అదిమితే వేగం వస్తుంది, కానీ ఈ పాప ఒళ్లు ఆ ఒత్తిడిని భరించలేదు. రెండోది, వెంటిలేటర్ విడదీసిన ప్రతిసారీ ఊపిరితిత్తిని తెరిచి ఉంచే పీప్ ఒత్తిడి పోతోంది, తెరిచింది మళ్లీ మూసుకుంటోంది.

దగ్గును యంత్రంతో ఇవ్వడం

దగ్గులో మూడు పనులు ఉన్నాయి. లోతుగా గాలి పీల్చడం, స్వరపేటిక మూసుకుని లోపల ఒత్తిడి పెరగడం, అది తెరుచుకున్న క్షణంలో కడుపు కండరాల బలంతో గాలి దూసుకురావడం. మా పాపలో మొదటిదానికి, మూడోదానికి కండరాలు లేవు. రెండోదానికి దారే లేదు, ట్యూబు స్వరపేటికను తెరిచి ఉంచుతోంది. ఇలా కాగితం మీద రాసుకున్నాక ఎంచుకోవలసిన పద్ధతి గురించి వాదన మిగల్లేదు. కాఫ్ అసిస్ట్ యంత్రం మొదట గాలి నింపుతుంది, వెంటనే ఒక్కసారిగా వేగంగా వెనక్కి లాగుతుంది. ఇది కొత్తదేమీ కాదు. 1950ల ఆరంభంలో పోలియో రోగుల కోసం పుట్టిన ఆలోచన. 1952లో కోపెన్‌హాగన్ పోలియో మహమ్మారిలో బ్యోర్న్ ఇబ్సెన్ పన్నెండేళ్ల బాలికకు మెడ దగ్గర కోసి శ్వాసనాళంలోకి గొట్టం వేయించి, బ్యాగుతో శ్వాస ఇప్పించినప్పుడు ఎదురైనవీ ఈ రెండే: శ్వాస కండరాల బలహీనత, బయటికి రాని కఫం.

మొదలుపెట్టే ముందు ఎక్స్‌రేలో ఛాతీలోకి గాలి కారిన గుర్తులు లేవని మరోసారి చూశాం. అది ఉంటే, గొట్టం వేసి తీసేయకుండా ఈ యంత్రాన్ని దగ్గరికి రానివ్వకూడదు. రక్తపోటు నిలకడగా ఉన్న సమయం ఎంచుకున్నాం, పాలు ఇచ్చి గంటకు పైగా అయ్యాక.

పాప మెలకువగా ఉంది. ఊపిరిని ఎవరో వెనక్కి లాగేస్తున్నారన్న భయం ఎంత పెద్దదో ఊహించుకోవాలి. యంత్రం గాలిని ముందుగా పాప చెంపకు తగిలేలా పెట్టి చూపించాను. ఎప్పుడు పక్కకు చూస్తే అప్పుడు ఆపేస్తానని చెప్పాను. మొదటి సెట్లో మూడో శ్వాసకే పాప పక్కకు చూసింది. వెంటనే ఆపాను. ఆ ఆపడమే ఆమెకు ధైర్యమిచ్చిందని అనుకుంటున్నాను, తర్వాత నిజంగా అవసరమైతే తప్ప పక్కకు చూడలేదు.

ప్లస్ 15, మైనస్ 15 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో మొదలుపెట్టి, ఛాతీ లేవడం, గుండె వేగం, పాప కళ్లు చూస్తూ మెల్లగా పెంచాం. రెండు రోజుల్లో ప్లస్ 35, మైనస్ 40 దాకా వెళ్లాం. ట్యూబు సన్నది కాబట్టి ఒత్తిడిలో కొంత దాన్ని దాటడంలోనే పోతుంది. మాస్కుతో చాలిన ఒత్తిడి ట్యూబుతో చాలదు. రెండు సెకన్లు లోపలికి, రెండు సెకన్లు వెనక్కి, ఒక సెకను విరామం. అలా ఐదు శ్వాసలు ఒక సెట్టు. సెట్టు తర్వాత ట్యూబులోకి వచ్చిన కఫాన్ని కొలిచిన లోతులోనే తీయడం, వెంటిలేటర్ మీద కాసేపు విశ్రాంతి, మళ్లీ సెట్టు. చివరి శ్వాస ఎప్పుడూ గాలి నింపేదే. వెనక్కి లాగి వదిలేస్తే ఊపిరితిత్తి ముడుచుకునే ఉండిపోతుంది. తిరిగి వెంటిలేటర్‌కు కలిపినప్పుడు పీప్‌ను 5 నుంచి 7కి డాక్టర్లు పెంచారు. ఇదంతా ఎడమ ఊపిరితిత్తి పైకి ఉన్న భంగిమలోనే.

రెండో పూట సెషన్‌లో ట్యూబులోకి ఒక జిగురు ముద్ద వచ్చింది, శ్వాసనాళం కొమ్మ ఆకారంలో. గంట తర్వాత గాలి పరిమాణం 125. మర్నాటి ఎక్స్‌రేలో ఎడమ డయాఫ్రమ్ గీత కనిపించింది. ఆక్సిజన్ 35 శాతానికి దిగింది. బ్రాంకోస్కోపీ అవసరం రాలేదు.

రాత్రి ఖాళీ

ఆ వారంలోనే ఒక ఉదయం పరిమాణం మళ్లీ 105. ఎక్స్‌రేలో పల్చటి నీడ. చార్టు తిరగేస్తే కారణం అందులోనే ఉంది. రాత్రి పదింటి నుంచి ఉదయం ఎనిమిదిన్నర దాకా ఒక్క సెషన్ లేదు. రాత్రి ఫిజియోథెరపిస్టు ఉండరు. మన దగ్గర చాలా ఐసీయూల పరిస్థితి ఇదే. ఊపిరితిత్తికి మాత్రం డ్యూటీ వేళలు తెలియవు.

రాత్రి నర్సులకు యంత్రం వాడడం నేర్పాం. ఒక్కొక్కరూ ముందు మా ముందు చేసి చూపించాకే ఒంటరిగా చేశారు. గంట కొట్టినట్టు నాలుగు గంటలకోసారి అని రాయలేదు. గాలి పరిమాణం పదిహేను శాతం తగ్గితే, వెంటిలేటర్ తెర మీద గాలి ప్రవాహపు గీత రంపపు పళ్లలా మారితే, సాచురేషన్ తగ్గితే, లేదా పాప కళ్లు పైకెత్తి అడిగితే చేయాలి. ఏదీ లేకపోయినా రాత్రిలో ఒకసారి తప్పనిసరి. పాప అడగడం మొదలుపెట్టింది కూడా. కఫం చేరినట్టు మాకన్నా ముందు ఆమెకే తెలిసేది.

చేతులూ కాళ్లూ

ఇది త్వరగా చెబుతాను, ఇందులో కొత్తదేమీ లేదు. మందుతో నొప్పి తగ్గాక కీళ్లను రోజూ పూర్తి పరిధిలో మెల్లగా కదిపాం. పాదం కిందికి వాలిపోకుండా చీలమండలకు స్ప్లింట్లు పెట్టాం, మడమల మీద ఎరుపు కోసం పూట పూటా చూశాం. కండరాలు కోలుకుంటున్న దశలో అలసిపోయేదాకా వ్యాయామం చేయించలేదు, జీబీఎస్‌లో అతిశ్రమ బలహీనతను పెంచవచ్చు. ట్యూబు ఉండగానే మంచం తల కొద్దికొద్దిగా పెంచి కూర్చోబెట్టాం. ఒక్కసారిగా లేపితే రక్తపోటు పడిపోయేది కాబట్టి ఒక్కో మెట్టు దగ్గర ఆగి కొలిచాం.

ట్యూబు తీసే నిర్ణయం

మూడో వారంలో మెడ కండరాలకు కొంత బలం వచ్చింది, తల దిండు మీద నుంచి కొద్దిగా ఎత్తగలిగింది. సక్షన్ చేసినప్పుడు తనంతట తాను దగ్గే ప్రయత్నం కనిపించింది. అప్పుడు మెడ దగ్గర కోసి శ్వాసనాళంలోకి గొట్టం వేయడమా, ట్యూబు తీసి చూడడమా అన్న చర్చ. కండరాల బలహీనత ఉన్న పిల్లల్లో వెంటిలేటర్ ఒత్తిడి తగ్గించి కాసేపు ఊపిరి పీల్చగలిగితే చాలదు. కఫాన్ని బయటికి తేగలగడం మరో పరీక్ష. మామూలు గాలిలోనే సాచురేషన్ 95 పైన నిలవడం, కఫం తక్కువగా, పల్చగా ఉండడం, ఎక్స్‌రే శుభ్రంగా ఉండడం చూశాం. బుడగలో గాలి తీసి, ట్యూబు పక్క నుంచి గాలి కారుతోందని తెలుసుకున్నాం. లేకపోతే గొంతు వాపు అనుమానించాలి.

ట్యూబు తీసిన వెంటనే మాస్కు ద్వారా శ్వాసకు తోడ్పడే బైపాప్ యంత్రానికి, మాస్కుతో కాఫ్ అసిస్ట్‌కు మారాం. ముఖానికి సరిపోయే మాస్కును ట్యూబు తీయడానికి రెండు రోజుల ముందు నుంచే అలవాటు చేశాం. పాప దగ్గే క్షణానికి పొట్ట మీద చేత్తో పైకి అదమడం తల్లికి నేర్పాను. ఊపిరి నిండా నింపి, ‘ఇప్పుడు దగ్గు నాన్నా’ అని ఆమె అనగానే ఇద్దరూ కలిసి దగ్గేవారు, తల్లి కూడా తెలియకుండానే దగ్గేది. మింగే సామర్థ్యం పరీక్షించేదాకా నోటి ద్వారా ఏమీ ఇవ్వలేదు. మొదటి రెండు రాత్రులు కష్టమైనా మళ్లీ ట్యూబు వేయాల్సిన పని రాలేదు. ఇంటికి వెళ్లేటప్పటికి పట్టుకుంటే నిలబడేది, కొన్ని నెలల తర్వాత గోడ పట్టుకుని నడిచింది. రాత్రి స్ప్లింట్లు అప్పటికింకా కొనసాగుతున్నాయి.

ఈ కేసు తర్వాత మేం మార్చుకున్నవి

మా చార్టులో పద్ధతి పేరు రాసే గడికి ముందు కొత్తగా ఒక గడి చేర్చాం: ‘ఏది తగ్గింది?’ తేమా, లోపలికి వెళ్లే గాలా, బయటికి తోసే బలమా, దారి వెడల్పా. అది నింపకుండా చికిత్స మొదలుకాదు. సక్షన్ లోతు అంకె ప్రతి మంచం దగ్గరా కాగితం మీద ఉంటుంది. కండరాల బలహీనతతో వెంటిలేటర్ మీదికి వచ్చిన పిల్లలకు ఊపిరితిత్తి మూసుకునేదాకా ఆగకుండా మొదటి వారంలోనే కాఫ్ అసిస్ట్ ఆలోచిస్తాం, అదే వారంలో రాత్రి నర్సుల శిక్షణ పూర్తవుతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ అంకెలను తీసుకెళ్లి ఇంకో పిల్లవాడికి వాడకూడదు. బ్రాంకియోలైటిస్‌తో వచ్చిన నాలుగు నెలల పసివాడికి కండరాలు బాగానే ఉంటాయి, వాచింది సన్నటి నాళాల గోడ. అక్కడ తట్టడం, కంపనాలు రోజువారీ చికిత్సగా మేలు చేయవని పరిశోధనలు పదేపదే చెప్పాయి. వాచిన ఆ నాళాల మీద బలంగా వెనక్కి లాగే గాలి ప్రయోగిస్తే అవి ముడుచుకుపోవచ్చు. తీవ్రమైన న్యుమోనియాతో ఊపిరితిత్తులు బిగుసుకుపోయిన పిల్లల్లో వెంటిలేటర్ నుంచి విడదీయడమే ప్రమాదం. తలకు గాయమైన పిల్లల్లో ప్రతి సక్షన్‌కూ మెదడు ఒత్తిడి పెరుగుతుంది. ఆ పిల్లలకు ఆ గడిలో వేరే జవాబు ఉంటుంది. చాలాసార్లు అది ‘ఈ పూట ఏమీ చేయకుండా, భంగిమ మార్చి గమనించడం’ అవుతుంది, దాన్ని కూడా చికిత్సగానే చార్టులో రాస్తున్నాం.